పాట అయ్యేలోపు

మొన్న గుంటూరు బస్టాండులో నరసరావుపేట బస్సు కోసం నిలబడి ఉంటే, నా పక్కనే ఒక కుర్రాడు పడిపోయాడు. చేతిలో సంచీ ఒకవైపు, తనొకవైపు. ఒళ్ళంతా బిగుసుకుపోయి కొట్టుకుంటున్నాడు. జనం మూగారు. ఎప్పటిలాగే ఒకాయన "తాళాలు, తాళాలు" అన్నాడు. ఇంకొకాయన జేబులోంచి గుత్తి తీశాడు. మరొకాయన చెప్పు విప్పబోయాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. నేను నోరు తెరిచేలోపే, జామకాయల గంప దింపి ఒక ఆడమనిషి జనాన్ని తోసుకుంటూ వచ్చింది. నెత్తి మీది చుట్టకుదురు తీసి కుర్రాడి తల కింద పెట్టింది. చొక్కా పైగుండీ విప్పి అతన్ని పక్కకి తిప్పింది.

"తాళాలు తలుపులకి పెట్టుకోండి బాబూ, మనిషికి పెట్టబాకండి," అంది. అని, అతని తల దగ్గర కూర్చుని పాట ఎత్తుకుంది.

"ఇదేం చోద్యం? మనిషి కొట్టుకుంటుంటే పాటలేంటి?" అన్నారెవరో.

ఆ తాళాల మాట ఎవరిదో, ఆ పాట ఎందుకో నాకు తెలుసు. ఇదిగో, మళ్ళీ ఆమె, మా ఊరి మనిషి. ఇన్నేళ్ళ తర్వాత, ఇంత దూరంలో, ముక్కూమొహం తెలియని జామకాయల మనిషి నోట్లోంచి కూడా ఆమే మాట్లాడుతోంది. నా నోట్లోంచి ముందుగా రావలసిన మాట అది.

నేను ఆమె మీద పడ్డంత అసూయ ఇంకెవరి మీదా పడలేదు. ఆమె అందగత్తె కాదు, చదువుకున్నది కాదు, కలిగినింటిది అసలే కాదు. మిరపకోతల ముఠా కట్టే మేస్త్రి. ఆమెకి మూర్ఛ ఉంది. నాకూ ఉంది. అసూయంతా అక్కడే పుట్టింది.

ఆమె పేరు రాయను. ఊళ్ళో ఒక్కొక్కరు ఒక్కో వరసతో పిలిచేవారు. అక్క, వదిన, పెద్దమ్మ. నేను ఏ వరసా పెట్టలేదు. ఆసామి ఇంటి పిల్ల ఊరి చివర పల్లెలో క్రైస్తవుల్ని వరస పెట్టి పిలవడం మా ఇంట్లో ఊహకి కూడా రాని సంగతి. కాబట్టి నాకు ఆమె ఆమే.

మా ఊరు దర్శి రోడ్డు మీద ఉంటుంది. మాకు మిరప, పత్తి ఉండేవి. కోతల కాలం వచ్చేసరికి కనిగిరి వైపు మెట్ట ఊళ్ళ నుంచి ఆడవాళ్ళు గుంపులుగా వచ్చి మా పల్లెలో దిగేవారు. వాళ్ళనీ పల్లెలోవాళ్ళనీ కలిపి ఆమె ముఠా కట్టేది. పొడుగు మనిషి. ముందుపన్ను సగం విరిగి ఉండేది. ఎడమ ముంజేతి మీద కాలిన మచ్చ, నుదుటి మీద ఒక గీత. వేరేవాళ్ళయితే కొంగు కప్పుకునేవారు. ఆమె అడగనివాళ్ళకి కూడా చూపించేది.

"ఈ పన్ను మా ఆడబిడ్డ పుణ్యం. నాలిక కరుచుకుంటానని గరిట దూర్చింది. నాలిక నిక్షేపంగా ఉంది, పన్ను పోయింది. ఈ చెయ్యి పొయ్యిలో పడింది. ఈ నుదురు నూతి గట్టు," అనేది, చేయించుకున్న నగల గురించి చెప్పినట్టు.

గొప్పలు చెప్పుకోవడంలో ఆమె తర్వాతే ఎవరైనా. తన మూర్ఛ మీద కూడా గొప్పలే. "నాకు వచ్చినంత గట్టిగా ఈ చుట్టుపక్కల ఎవరికీ రాదు," అనేది. వంకాయ తింటే ఫిట్సు వస్తాయని ఒక పిచ్చి నమ్మకం ఉండేది; గుంటూరు డాక్టరు కాదని ఎంత చెప్పినా వినేది కాదు. మాత్రల దగ్గర మాత్రం ఆమెతో ఎవరూ వేగలేరు. నెలకోసారి గుంటూరు ఆస్పత్రికి పోయి చిన్న తెల్లబిళ్ళలు తెచ్చుకునేది. గుడ్ ఫ్రైడే నాడు ఉపవాసం ఉండి కూడా బిళ్ళ వేసుకునేది. పాస్టరుగారు ఒకసారి ఆ బిళ్ళలు మానేసి ప్రార్థన మీద ఆధారపడమన్నారట. "మీరు ప్రార్థన చెయ్యండి అయ్యగారూ, నేను బిళ్ళ వేసుకుంటా. ఇద్దరి పనీ జరిగిద్ది," అందట. ఆ ఆదివారం గుళ్ళో అందరి ముందూ ఆయనకే తను పడితే తల ఎలా పట్టుకోవాలో నేర్పించిందని మా పాలేరు వచ్చి చెప్పాడు.

కోతల మొదటి రోజు, చేలోకి దిగకముందు, ముఠా అంతటినీ గట్టు మీద నిలబెట్టి చెప్పేది. నేను నాన్నకి క్యారేజీ తీసుకెళ్ళే వంకతో ముందే వెళ్ళి మోటారు షెడ్డు పక్కన నిలబడి వినేదాన్ని. ఏటా అవే మాటలు. నాకు కంఠతా వచ్చేశాయి.

"ఇనండమ్మా. నాకు ఫిట్సు వస్తాయి. దెయ్యం కాదు, దేవుడూ కాదు, మెదడులో జబ్బు. నా కంచంలో తిన్నా మీకు అంటుకోదు. నేను పడితే గోల చెయ్యబాకండి. పక్కకి తిప్పండి. తల కింద చుట్టకుదురు పెట్టండి. కాళ్ళూ చేతులూ అదిమి పట్టబాకండి. నోట్లో ఏమీ దూర్చబాకండి, ఇప్పటికే ఒక పన్ను పోయింది. తాళాలు తలుపులకి పెట్టుకోండి, నాకు పెట్టబాకండి. పాట ఎత్తుకోండి. పాట అయ్యేలోపు తగ్గిపోయిద్ది. తగ్గకుండా పాట రెండోసారి ఎత్తుకోవాల్సి వస్తే, బండి కట్టి ఆస్పత్రికి తోలండి."

చేలో గడియారం ఎవరికుంది? అందుకని పాట పెట్టుకుంది. అది కోతల్లో పాడుకునే పాటే. ఇల్లాలు గాజులు తెమ్మని మొగుణ్ణి సంతకి పంపుతుంది. వాడు గాజులు తప్ప అన్నీ తెస్తాడు. ఒక చరణంలో గంప తెస్తాడు, ఒక చరణంలో గాడిద, ఒక చరణంలో గొర్రెపిల్ల. ప్రతి చరణానికీ ఆవిడ తిట్టి మళ్ళీ పంపుతుంది. చివరి చరణంలో గాజులొస్తాయి. ఆ పాట ఎన్ని కోతలు పాడినా ఆడవాళ్ళకి విసుగు రాలేదు.

చెప్పడంతో వదిలిపెట్టేది కాదు. "ఇప్పుడు నేను పడ్డాననుకోండి," అని గట్టు మీద పడుకునేది. ఒక కన్ను మూసి, ఇంకో కంటితో అందరినీ కనిపెడుతూ ఉండేది. "ఏందే, అట్టా లాగితే మెడ ఇరిగిద్ది. నువ్వు, కనిగిరి పిల్లా, ఏడవబాక, పాడు," అని పడుకునే పెత్తనం చేసేది. ఆ తర్వాత ఆ రోజుకి తల పట్టే వంతు ఎవరిదో తేల్చేది. వంతు వచ్చినామె ఆ పూట ఆమె పక్క సాలులో కోసేది. ఆ వంతు కోసం ఆడవాళ్ళు పోట్లాడుకోవడం నేను చెవులారా విన్నాను. "నిన్న కూడా నీదే, ఇయ్యాల నాకియ్యి." ఎవరి తలని పట్టుకోవడానికి! నా కళ్ళు కుట్టాయంటే కుట్టవూ?

ఎందుకంటే మా ఇంట్లో పద్ధతి వేరు. నాకు పద్నాలుగేళ్ళప్పుడు మొదలైంది. మా ఇంట్లో దానికి పేరు లేదు. "అమ్మాయికి కళ్ళు తిరిగాయి" అనేవారు. నేను పడిపోగానే అమ్మ నన్ను గదిలోకి లాగి తలుపేసేది. బీరువా తాళాల గుత్తి నా అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసి, రెండు చేతులతో నొక్కి పట్టుకునేది. నాన్న వసారాలోకి వెళ్ళి టేప్‌రికార్డర్ పెట్టేవాడు, ఉన్నంత గట్టిగా. నా గొంతులోంచి వచ్చే అరుపు వీధిలోకి పోకుండా. ఊరంతా మా ఇంటికి పాటల పిచ్చి అనుకునేది. లేచేసరికి తల పగిలిపోతూ ఉండేది, అరచేతిలో తాళాల పళ్ళు దిగి ఉండేవి, బయట ఎవరో హుషారుగా పాడుతూ ఉండేవారు. ఇప్పటికీ పెళ్ళి పందిట్లో మైకులో పాట మొదలైతే నాకు నోట్లో నెత్తురు రుచి తగులుతుంది.

దొంగచాటుగా గుంటూరులో ఒక డాక్టరుకి చూపించారు. మాత్రలు ఇచ్చాడు. ఎవరైనా చుట్టాలొస్తే ఆ రోజుల్లో మాత్రలు దాచేసేవారు, నాకు వెయ్యడం కూడా మానేసేవారు. టెన్త్ పాసయ్యాను. దర్శిలో ఇంటర్ చదువుతానన్నాను. నాన్న ఒప్పుకోలేదు. "బస్సులో పడితే? కాలేజీలో పడితే? ఊళ్ళో తలెత్తుకోగలమా?" అన్నాడు. ఆ మాటతో నా చదువు వసారా గడప దగ్గర ఆగిపోయింది. నాకు కావలసింది ఆ గడప దాటడం ఒక్కటే. అందుకే చేలో ఆమెని చూస్తే అంత మంట. ఆమె పడితే పాట పాడేవారు. నేను పడితే పాట పెట్టేవారు.

ఒక రోజు నేను చూస్తుండగానే ఆమె నిజంగా పడింది. సాలు మధ్యలో నిలువునా కూలిపోయింది. ఎవరూ కెవ్వున అరవలేదు. వంతు ఉన్నామె చటుక్కున తల పట్టుకుంది. ఒకామె చుట్టకుదురు తోసింది. ఇద్దరు కొంగులు పట్టి ఎండ తగలకుండా నిలబడ్డారు. మిగతావాళ్ళు పాడుతూ కోసుకుంటూనే ఉన్నారు. గొర్రెపిల్ల చరణం దగ్గర ఆమె సద్దుమణిగింది. లేచి కూర్చుని, నోరు తుడుచుకుని, "పెరుగన్నం ఎవరు తెచ్చారే?" అంది. ముగ్గురు తమ గిన్నెలు చాచారు. ఆమె మూడింటిలోనూ తింది.

నేను క్యారేజీ గట్టు మీద పడేసి ఇంటికొచ్చేశాను. ఆ రోజు నాకు అన్నం సయించలేదు. సాయంత్రం నేనూ పడ్డాను. మా ఇంట్లో ఇంతమంది ఉన్నారు, ఇన్ని గదులున్నాయి. నా తల కింద ఒక్క చెయ్యి లేదు.

ఆ మర్నాడు మోటారు షెడ్డు దగ్గర ఆమె నీళ్ళు తాగడానికి వస్తే నిలదీశాను. "నలుగురిలో పడి కొట్టుకుంటావు. మళ్ళీ దాన్ని దండోరా వేసుకుంటావు. నీకు సిగ్గు లేదా?"

ఆమెకి కోపం రాలేదు. గొట్టం కింద చేతులు కడుక్కుంటూ అంది: "ఉండేదమ్మాయిగారూ. అత్తగారింట్లో ఉన్నన్నాళ్ళూ ఉండేది. ఎవరికీ చెప్పకుండా ఒక్కదాన్నే నీళ్ళకి పోయా. నూతి గట్టు మీద పడ్డా. ఆ గట్టు లోపలికి వాలి ఉంటే సిగ్గుతో పాటే పోయేదాన్ని." నుదుటి మీద గీత వేలితో చూపించింది. "అది తెలిశాక మొగుడు వదిలేసి పోయాడు. పోతే పోయాడు. ఇప్పుడు నన్ను పట్టుకోటానికి ముఠా ఉంది."

తర్వాత ఏమీ అనకుండా నా చెయ్యి పట్టుకుని అరచెయ్యి తిప్పింది. తాళాల పళ్ళ మచ్చలు పచ్చిగానే ఉన్నాయి.

"నిన్న సాయంత్రం మీ ఇంట్లో పాటలు వినపడ్డాయి," అంది.

ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూశాను. "ఎవరికి తెలుసు?"

"పల్లెలో అందరికీ తెలుసు. మీ పాటలు మొదలైతే మావాళ్ళు పని ఆపి, అయ్యో అమ్మాయిగారు పడినట్టున్నారు అనుకుంటారు. పట్టుకోటానికి మీరు పిలవరు, మేం రాలేం."

అన్నాళ్ళ నుంచి అమ్మా నాన్నా ప్రాణం మీదికి తెచ్చుకుని దాచిన రహస్యం అది. తలుపు బయట ఊరు ఊరంతా చెవులప్పగించి కూర్చుని ఉంది. నాకు ఏడుపొచ్చింది, దానికి మించి కోపమొచ్చింది. నా జబ్బు గురించి నాకన్నా స్థిమితంగా మాట్లాడుతున్న ఆ విరిగిన పన్ను చూస్తే ఇంకా కోపమొచ్చింది. చెయ్యి లాక్కుని వెళ్ళిపోయాను.

అది జరిగిన కొన్నాళ్ళకి కల్లంలో కాయ ఎండింది. రంగు మారిన తాలుకాయలు ఏరుతున్నారు. చుట్టాలొచ్చి వెళ్ళిన వారం అది. నాకు మాత్రలు వెయ్యలేదు. నాన్న మంచినీళ్ళు పంపమంటే నేనే బిందె తీసుకుని వెళ్ళాను. కల్లమంతా ఎర్రగా ఉంది, ఘాటుకి ముక్కు మండుతోంది. అంతవరకే నాకు గుర్తు. మిగతాది తర్వాత ముఠావాళ్ళు పోటీలు పడి చెప్పారు. ఒకరు చెప్పింది ఇంకొకరు దిద్దుతూ చెప్పారు.

నేను మిరపకాయల మీద పడ్డాను. నాన్న పరిగెత్తుకొచ్చాడు. కల్లంలో టేప్‌రికార్డర్ లేదు, మూయడానికి తలుపు లేదు. ఏం చెయ్యాలో తోచక మొల దగ్గర నుంచి తాళాలు లాగాడు. ఆమె అడ్డంగా నిలబడింది.

"తాళాలు జేబులో పెట్టుకోండి అయ్యగారూ. వచ్చి ఇక్కడ కూర్చోండి. ఇయ్యాల తల వంతు మీది."

మా నాన్న కూలివాళ్ళ ముందు నేల మీద కూర్చునే మనిషి కాదు. ఒక్క క్షణం అటూ ఇటూ చూశాడట. చూసి, తెల్లపంచెతో ఆ మిరపకాయల్లో చతికిలబడ్డాడట. ఆమె ఆయన చేతులు పట్టుకుని నా తల కింద ఎలా పెట్టాలో చూపించింది. అదిమి పట్టబోతే వేళ్ళ మీద ఒక్కటి వేసిందని కూడా అన్నారు. ఆమె కాదంది, నాన్న ఔనూ అనలేదు, కాదూ అనలేదు. ముఠా పాట ఎత్తుకుంది.

నేను కళ్ళు తెరిచేసరికి పాట ఆగిపోయి ఉంది. నాన్న ముఖం తలకిందులుగా నా పైన ఉంది. ఆయన చేతులు ఇంకా నా తల కిందే ఉన్నాయి. నాకు ఫిట్సు వచ్చినన్ని సార్లూ ఆయన వసారాలో టేప్‌రికార్డర్ దగ్గరే ఉన్నాడు. నేను కొట్టుకోవడం ఆయన చూడటం అదే మొదటిసారి.

"ఇంతసేపేనా?" అన్నాడు ఆమెతో. "నాకు గంట అనిపించేది."

"తలుపవతల నిలబడ్డవాళ్ళకి అట్టాగే అనిపించిద్ది," అంది ఆమె.

అందరూ మళ్ళీ పనిలో పడ్డాక ఆమె నా పక్కన కూర్చుని, ముఖానికి అంటిన మిరపగింజలు తుడుస్తూ, ఎప్పుడూ లేనిది, మీరు అనడం మర్చిపోయింది. "నీ పాట విన్నానే అమ్మాయ్," అంది. "నా పాట నేనెప్పుడూ వినలా. పాడేటప్పుడు నేనుండను గదా. ఎంత బాగుందో ఇయ్యాలే తెలిసింది. కుళ్ళొచ్చింది నిన్ను చూస్తే. మీ నాన్న పట్టుకున్నాడు, ముఠా పాడింది."

అక్కడ కూడా నాది పైచేయి కానివ్వలేదు చూడండి. నేను ఏళ్ళ తరబడి దాచుకున్న కుళ్ళుని ఆమె ఒక్క ముక్కలో, నవ్వుతూ, పైకి అనేసింది.

ఆ జూన్‌లో నాన్న నన్ను దర్శి కాలేజీలో చేర్పించాడు. మాత్రలు ఇంక దాచలేదు. తను కూడా క్లాసు దాకా వస్తానన్నాడు. నేనే వద్దన్నాను. నా పక్కన కూర్చున్న అమ్మాయికి నేనే చెప్పాను, ఆమె మాటలే, ఒక్క అక్షరం మార్చకుండా. విరిగిన పన్ను మాత్రం నాకు లేదు కాబట్టి ఆ ముక్క వదిలేశాను. ఇప్పుడు నరసరావుపేటలో చిన్నపిల్లల బళ్ళో పాఠాలు చెబుతున్నాను. బడి తెరిచిన మొదటి రోజే క్లాసుకి చెబుతాను. మా పిల్లలకి పాట లేదు. నేను పడితే పదిహేనో ఎక్కం నుంచి ఇరవయ్యో ఎక్కం దాకా చదువుతారు. ఈ మూడేళ్ళలో నా ఫిట్సు పద్దెనిమిదో ఎక్కం ఎప్పుడూ దాటలేదు. తల వంతు కోసం వాళ్ళూ కొట్టుకుంటారు. కొట్టుకుంటుంటే నేను వెంటనే ఆపను, కాసేపు వింటాను.

చదువు, ఉద్యోగం వచ్చాక ఊరికి పోవడం తగ్గింది. పోయినప్పుడల్లా నాన్న ఆమె కబుర్లే చెప్పేవాడు. ఆమె ధైర్యం, ఆమె తెలివి, ఆమె నోరు. ఇంట్లో కూడా ఆమె గోలేనా అని విసుక్కునేదాన్ని. ఈ సంవత్సరం తుఫాను తర్వాత ఆయన మంచాన పడ్డాక నేను వెళ్ళినా, ఆమె మాట ఆయన ఎత్తలేదు. నేనూ అడగలేదు.

బస్టాండులో కుర్రాడు లేచి కూర్చున్నాడు. జామకాయలామె అతనికి ఒక కాయ కోసి పెట్టింది. జనం ఎటువాళ్ళు అటు వెళ్ళారు. నేను దగ్గరికెళ్ళి, "ఈ పాట ఎవరు నేర్పారు నీకు?" అన్నాను, తెలిసీ.

ఆమె నా ముఖంలోకి చూసింది. "మీరు కల్లంలో పడ్డ అమ్మాయిగారు గదూ? నేను కనిగిరి పిల్లనండీ. ఏడుస్తుంటే పాడమని తిట్టేది, ఆ పిల్లని."

"ఎలా ఉంది?" అన్నాను.

"మీకు తెలియదా? పోయిందండీ. తుఫానప్పుడే. రోడ్లు తెగి బస్సులు తిరగలా. బిళ్ళలు అయిపోయినాయి. గుంటూరు పోవటానికి లేకపోయా. వానలు ఆగాక పత్తి చేలో ఉన్నాం. పడింది. పాట ఎత్తుకున్నాం. గాజులొచ్చినా ఆగలా." ఆమె గంపలో కాయలు సర్దింది. "రెండోసారి ఎత్తుకున్నాం. బండి కట్టాం. నేనూ ఎక్కా. ఆ రోజు తల వంతు నాదేనండీ. దర్శి దాకా బురద. దారంతా పాడతానే ఉన్నాం."

"ఎన్నిసార్లు?" అన్నాను.

"బండిలో పాట అవనియ్యలేదండీ," అందామె. "గొర్రెపిల్ల దాకా రావటం, మళ్ళీ మొదటికి పోవటం. గాజుల చరణం పాడితే పాట అయిపోయినట్టే గదా. ఎవరికీ నోరు రాలా. ఆస్పత్రి గేటు దగ్గర కూడా గొర్రెపిల్ల దగ్గరే ఉన్నాం. అక్కడే పోయింది. గాజుల చరణం అట్టాగే ఉండిపోయింది."

నరసరావుపేట బస్సు వచ్చింది. ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది అసూయే. ఆ బండిలో ఉన్నవాళ్ళందరి మీదా, ఆ కనిగిరి పిల్ల రెండు చేతుల మీదా. నా తల కిందికి చేతులు తెచ్చిపెట్టిన మనిషి తల ఒక్కసారైనా పట్టుకునే వంతు నాకు రాలేదు. ఎన్నడూ అడగలేదు కూడా. ఆసామి కూతుర్ని కదా, గట్టు మీద నిలబడి చూశాను.

బస్సు ఊరు దాటి మిరప తోటల్లోకి వచ్చాక, మెల్లగా, ఎవరికీ వినపడకుండా గాజుల చరణం పాడాను. మొదటి నుంచి కాదు, ఆ ఒక్కటే, చివరి దాకా. పాటంతా వాళ్ళందరూ పంచుకున్నారు. ఆమెలో నాకు మిగిలింది ఇది. దీన్ని మాత్రం ఎవరికీ ఇవ్వను.